ఇటికల మీద ప్రెసిడెంటు

పాత కారు కొత్త కారుకంటే ఎక్కువ ధర పలికిన కాలం ఒకటి ఈ దేశంలో ఉండేది. ఎప్పుడో ఒకసారి జరిగిన వింత కాదు, చాలా ఏళ్ళ పాటు అదే మామూలు. షోరూములో కారు ధర ప్రభుత్వం సరేనన్న ధర. ఆ ధరకి కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అంత ఓపిక లేనివాడు ఏడాది తిరిగిన కారుకి షోరూము ధర మీద ఇంకొంత పెట్టి కొనుక్కునేవాడు. కొత్త కారు కొన్నవాళ్ళు వెంటనే అమ్మి లాభం చేసుకోకుండా 1959లో మోటారు కార్ల పంపిణీ, అమ్మకాల మీద ఒక నియంత్రణ ఉత్తర్వే తేవాల్సొచ్చింది. కొన్న కారుని కొంతకాలం దాకా అమ్మకూడదని అందులో షరతు. షోరూము గేటు దాటగానే కారు విలువ పడిపోతుందని ఇవాళ ఎవరినడిగినా చెప్తారు. మా తాతయ్యకి ఆ మాట చెప్పివుంటే నవ్వి ఊరుకునేవాడు. ఆయన లెక్కలో కారంటే బంగారం లాంటిది, పొలం లాంటిది. తరిగేది కాదు.

ఇదంతా నాకిప్పుడు ఎందుకు కావలసి వచ్చిందంటే, గుంటూరులో తాతయ్య ఇంటిని డెవలప్‌మెంటుకి ఇచ్చేస్తున్నారు. ఆ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇటికల దొంతరల మీద 1973 నాటి ప్రీమియర్ ప్రెసిడెంటు కారు ఒకటి ఉంది. 1999 నుంచి కదల్లేదు. సంక్రాంతి వెళ్ళాక షెడ్డు పడగొడతారు. తుక్కుకి ఇచ్చేద్దామంటాడు పెద్ద మావయ్య. ఖర్చెంతైనా నేను పెట్టుకుంటాను, కొత్తదానిలా చేయించండి అంటాడు డాలస్‌లో ఉన్న బావ. అమ్మ ఏమీ అనదు, షెడ్డు తాళంచెవి మాత్రం తన కొంగున ముడేసుకుంది. "చరిత్ర చరిత్ర అంటూ తిరిగేది నువ్వే కదమ్మా, నువ్వే తేల్చు" అని మావయ్య ఆ పని నా నెత్తిన పెట్టాడు. అందులో వెటకారం పాలు ఎక్కువే. అయినా సరే అని కూర్చుని లెక్క వెయ్యడం మొదలుపెట్టాను. కూడికలు తీసివేతలు చేస్తుంటే, అసలు ఈ లెక్కకి ఒక చరిత్ర ఉందని అర్థమైంది.

స్వాతంత్ర్యానికి ముందు ఇక్కడ కార్లు తయారయ్యేవి కాదు, పెట్టెల్లో వచ్చిన భాగాల్ని బిగించేవాళ్ళంతే. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో ఆ పని మొదలుపెట్టింది, కొద్ది ఏళ్ళకి ఫోర్డు వచ్చింది. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో, వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో పుట్టాయి. 1953లో టారిఫ్ కమిషన్ చెప్పిన మీదట, దేశంలోనే తయారుచేసే పథకం ఉన్నవాళ్ళకే ఇక్కడ చోటని ప్రభుత్వం తేల్చేసింది. అమెరికా కంపెనీలు సర్దుకుని వెళ్ళిపోయాయి. మామూలు సంసారి కొనగల కార్లు మూడు మిగిలాయి. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ఫియట్, మద్రాసు శివార్లలో స్టాండర్డ్ హెరాల్డ్. మన ఊళ్ళలో అంబాసిడర్ అంటే కలెక్టరుగారిది, ఎమ్మెల్యేగారిది, పెళ్ళివారు మాట్లాడుకున్న ట్యాక్సీ. ఫియట్ అంటే డాక్టరుది, ప్లీడరుది, డ్రైవరు లేకుండా తనే నడుపుకునేవాడిది. హెరాల్డ్ కొంచెం షోకు మనిషిది. ఈ వర్గీకరణకి ఆధారం చూపించమంటే చూపించలేను గానీ, ఆ కాలం సినిమాలు ఓ పది చూడండి, మీకే తెలుస్తుంది.

డెబ్భైల్లో దేశం మొత్తమ్మీద ఏడాదికి తయారైన కార్లు యాభైవేల లోపే. కంపెనీ ఎన్ని తయారుచెయ్యాలో లైసెన్సు చెప్తుంది, ఎంతకి అమ్మాలో ప్రభుత్వం చెప్తుంది. 1969లో ధరల్ని చట్టం పెట్టి కట్టేస్తే కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కాయి. 1971లో తీర్పొచ్చింది. కారు తయారీకి ఎంతవుతుంది, దాని మీద ఎంత లాభం న్యాయం అని న్యాయమూర్తులు లెక్కలు చూడాల్సొచ్చింది. కారంటే విలాస వస్తువని పన్నులు వేస్తూనే, బియ్యం కిరసనాయిలుకి మల్లే దానికి కంట్రోలు రేటు పెట్టిన ప్రభుత్వం అది. కంట్రోలు రేటు ఉన్నచోట బ్లాకు ఉండక తప్పదు. కారు విషయంలో ఆ బ్లాకు మార్కెట్టే సెకండ్ హ్యాండ్ మార్కెట్టు. అక్కడ అమ్ముడుపోయేది కారొక్కటే కాదు, అవతలివాడు క్యూలో నిలబడ్డ ఆరేళ్ళు కూడా.

తాతయ్య డాక్టరు. 1967లో పేరు రాయించుకున్నాడు. 1973 సెప్టెంబరులో కారు వచ్చింది. బుక్ చేసింది ఫియట్టు, వచ్చింది ప్రెసిడెంటు. ఇటలీ ఫియట్ కంపెనీతో ఒప్పందం తీరిపోవడంతో 1972లో ప్రీమియర్ వాళ్ళు ఆ పేరు తీసేసి సొంత పేరు పెట్టుకున్నారు. 1974లో మళ్ళీ మార్చి చిత్తోడ్ రాణి పేరు మీద పద్మిని అన్నారు. దాంతో ప్రెసిడెంటు పేరుతో వచ్చిన కార్లు రెండేళ్ళవి మాత్రమే. బండి మాత్రం అదే. ఇటలీలో 1966కే ఆపేసిన 1100డి మోడలు, 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేరు కర్ర. మా ఇంట్లో దానికి సంబంధించి ఒక జోకు తరాలుగా నడుస్తోంది. 1973 అంటే జై ఆంధ్ర ఉద్యమం తర్వాత రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన నడుస్తున్న సంవత్సరం. జనవరిలో పెట్టి డిసెంబరులో తీశారు. ఢిల్లీలో ప్రెసిడెంటు వి.వి. గిరి. "హైదరాబాదులో ప్రెసిడెంటు పాలన, మనింట్లో ప్రెసిడెంటు కారు, రెంటినీ తోసేవాళ్ళు మనమే" అనేదట అమ్మమ్మ. పొద్దున్నే స్టార్టవకపోతే తోసేది ఇంట్లోవాళ్ళే మరి.

కారు వచ్చిన రెండు నెలలకే దాని నెత్తిన పిడుగు పడింది. అక్టోబరులో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం, నవంబరులో ఇక్కడ పెట్రోలు ధర పెంపు. ప్రతిపక్ష ఎంపీలు వాజపేయితో కలిసి ఎడ్లబండి మీద పార్లమెంటుకి వెళ్ళింది ఆ నెలలోనే. ఆరేళ్ళు ఎదురుచూసి కొనుక్కున్న కారుని నడపడానికి చెయ్యి ఆడని పరిస్థితి.

ఈ సంగతి నాకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు, తాతయ్య నోటుబుక్కులోంచి తెలిసింది. కారు గ్లవ్ బాక్సులో దొరికింది అది. గళ్ళ పుస్తకం, అట్ట చెదలు కొట్టింది, లోపల చాలావరకు బాగానే ఉంది. తేదీ, మీటరు రీడింగు, ఎన్ని లీటర్లు, ఎంతిచ్చాడు, ఎక్కడికి వెళ్ళాడు. సెప్టెంబరు, అక్టోబరు పేజీలు కిక్కిరిసి ఉంటాయి. పెదకాకాని, పొన్నూరు, తెనాలి, మళ్ళీ పెదకాకాని. అమరావతి ఒకసారి, పక్కన 'అందరూ' అని. నవంబరు తర్వాత వరసల మధ్య ఎడం పెరుగుతుంది. పెట్రోలు పోయించిన తేదీకీ తేదీకీ మధ్య పది రోజులు, పదిహేను రోజులు. ఊరి పేరు పక్కన 'సైకిలు' అని రాసిన వరసలు కూడా ఉన్నాయి. కారు ఉండి, షెడ్డులో పెట్టి, పేషెంటింటికి సైకిలు మీద వెళ్ళాడన్న మాట. దాన్ని కారు లెక్కల పుస్తకంలోనే రాసుకున్నాడు. ఖర్చు లేని ప్రయాణాన్ని కూడా ఖర్చుల పుస్తకంలో రాసుకున్న మనిషి అంటే నాకు ముచ్చటేస్తుంది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. రేపల్లె వైపు కూడా సముద్రం మీదికొచ్చింది. మందులు వేసుకుని తాతయ్య వెళ్ళాడని ఇంట్లో చెప్పుకుంటారు. పుస్తకంలో ఆ వారమంతా ఒకే ఊరు పేరు, లీటర్లు లేవు, డబ్బు లేదు. మీటరు రీడింగు మాత్రం రాశాడు. ఇప్పుడు ఆ కారు కింద దూరి చూస్తే ఫ్లోరు రేకు ఎడమ పక్క జల్లెడైపోయి కనిపిస్తుంది. ఆ తుప్పు ఆనాటి ఉప్పునీళ్ళదే అని అమ్మ అంటుంది. ఇరవయ్యారేళ్ళు షెడ్డులో కారిన వాననీళ్ళది కూడా కావచ్చు. తుప్పుకి తేదీ ఉండదు కదా.

ఇక కదలని కారుకి ఏమవుతుందో చెప్పుకోవాలి, ఎందుకంటే ఖర్చంతా అక్కడే ఉంది. మనం అనుకునేది, తిప్పకపోతే అరగదు, అరగకపోతే పాడవదు అని. కారుకి ఇది వర్తించదు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఏడాదీ రెండేళ్ళలో బంకలా చిక్కబడి పైపుల్లో, కార్బురేటరు రంధ్రాల్లో గడ్డకడుతుంది. ట్యాంకు లోపల తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. బ్రేకు ఆయిలు గాల్లో తేమని పీల్చుకుని చక్రాల దగ్గరి సిలిండర్లని పట్టేసేలా చేస్తుంది. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకి అతుక్కుపోతుంది. రబ్బరన్నది ఎక్కడున్నా, గొట్టాలు, సీళ్ళు, తలుపుల అంచులు, ఎండి పెంకులౌతుంది. వైరింగు ఎలకలపాలు. టైర్ల మీద గాట్లు చూడక్కర్లేదు, పాతికేళ్ళ టైరుని అలంకారానికి కూడా ఉంచకూడదు. తాళపత్ర గ్రంథాన్ని పెట్టెలో పెట్టి ముట్టుకోకపోతే ఇంకో వందేళ్ళు ఉంటుంది. కారుని ముట్టుకోకపోవడమే దాన్ని చంపడం. అందుకని కారు విషయంలో నడిపించడం కూడా భద్రపరచడంలో ఒక భాగమే.

మెకానిక్ ఒకాయన్ని పట్టుకొచ్చాను. డెబ్భై దాటినాయన, చేతులు వణుకుతాయి గానీ పానా పట్టుకుంటే వణకవు. ముందు ఇంజను జోలికే పోలేదు. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలా ఉండే రేకు ఉంటుంది చూడండి, దాని మీద పానాతో టకటకా కొట్టుకుంటూ వెళ్ళాడు. కుడి పక్క ఖంగుమంది. ఎడమ పక్క రెండు చోట్ల చప్పుడు మారింది, పుచ్చిన కొబ్బరికాయ మీద కొట్టినట్టు.

"ఇంజనుదేముందమ్మా, ఊపిరుంటే లేస్తది. ఈ రేకు పోతే మాత్రం కారు నడుం ఇరిగినట్టే" అన్నాడు.

ఆయన అన్నదాన్లో కిటుకేమిటంటే, అంబాసిడరుకీ దీనికీ పోలికే పెట్టుకోనక్కర్లేదు గానీ, హెరాల్డుకి కింద విడిగా ఒక ఛాసిస్ ఉంటుంది. పైన బాడీ పుచ్చినా ఊడదీసి బాగుచేసి మళ్ళీ బిగించుకోవచ్చు. ఫియట్ 1100కి విడిగా ఛాసిస్ లేదు. రేకు పెట్టెలన్నీ కలిపి వెల్డు చేసిన బాడీయే ఎముకల గూడు. అందుకని ఇలాంటి కారు బాగుచెయ్యడం దండగా కాదా అన్న ప్రశ్నకి సగం జవాబు రంగులోనూ ఇంజనులోనూ ఉండదు, ఆ తలుపుల కింది రేకులో ఉంటుంది. రెండు పక్కలా పోయుంటే నేను ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.

తర్వాత ప్లగ్గులు ఊడదీసి, ఆ బొక్కల్లోంచి ఆయిలు పోసి, వారం ఆగమన్నాడు. వారం తర్వాత వచ్చి ముందు పుల్లీ బోల్టుకి పానా వేసి మెల్లగా తిప్పాడు. మొదట కదల్లేదు. ఇటొకసారి అటొకసారి ఊపాడు. తర్వాత ఒక మూలుగు వినపడి తిరిగింది. పట్టెయ్యలేదు. అమ్మ షెడ్డు గుమ్మంలోనే నిలబడి ఉంది, ఏమీ అనలేదు.

మొత్తానికి మూడు అంకెలు తేలాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక బాడీ షెడ్డు వాళ్ళు చెప్పింది, మొత్తం గీకించి రేకు బయటపెట్టి, ఫ్లోరు మార్చి, ఇంజను ఓవర్‌హాలు, కొత్త వైరింగు, కొత్త సీట్లు, బంపర్లకి కొత్త పూత, బావ అడిగిన మెరిసే రంగుతో సహా ఆరున్నర లక్షలు, ఎనిమిది నెలలు. మా పెద్దాయన చెప్పింది, బ్రేకులు, ట్యాంకు, గొట్టాలు, క్లచ్, కార్బురేటరు, వైరింగు, టైర్లు, పుచ్చినంతమేరకే రేకు వెల్డింగు, రంగు జోలికి పోకుండా లక్షా ఎనభై. కావలసిన సామాన్లలో కొన్ని బొంబాయి నుంచి తెప్పించాలి. ఇక మావయ్య చెప్పింది కాటా లెక్క, దాదాపు తొమ్మిదివందల కిలోలు, పాతికవేల లోపు చేతికొస్తుంది. ఆరున్నర లక్షలు పోసి కొత్తగా చేయించిన కారుని అమ్మకానికి పెడితే ఎంతొస్తుందని ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. మూడు దాటదన్నారు. అంటే డబ్బు లెక్కయితే ఎటు తిప్పి చూసినా మావయ్యే గెలుస్తాడు.

కానీ మావయ్య లెక్క వెనక ఇంకో లెక్క ఉంది. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డు మీదికొచ్చింది. ఆ మర్నాడే ఏమీ మారలేదు, మారుతికీ క్యూలే. కానీ మూడేళ్ళలో గాలి మళ్ళింది. ఆ రోజుల్లో ప్రెసిడెంటుని నలభైవేలకి అడిగాడట తెనాలి వ్యాపారి ఒకాయన. అమ్మేసి ఇంకొంత వేసి మారుతి కొనుక్కుందామని మావయ్య గొడవ. పదేళ్ళు దాటినా కొన్న ధర కంటే ఎక్కువే వస్తోందంటే ఇంకా పెరుగుతుందన్న మాట, ఎందుకమ్మాలి అని తాతయ్య. ఆయన చూసిన ప్రపంచంలో అది తప్పు కాదు. ఆ ధర కారుది కాదని, క్యూదని ఆయనకెవరు చెప్తారు? తొంభైల్లో లైసెన్సులు ఎత్తేశాక క్యూ పోయింది, క్యూతోపాటే ధరా పోయింది. ముసలిదైనందుకు కాదు కారు విలువ పడిపోయింది. ఎదురుచూడాల్సిన అవసరం లేకపోయినందుకు. ఆ నలభైవేలు మావయ్య మనసులో ఇప్పటికీ వడ్డీ పెరుగుతూనే ఉంది. తుక్కుకి వేద్దామన్నప్పుడల్లా ఆయన గొంతులో వినిపించేది అదే.

బావతో వాదన వేరే రకం. కొత్తదానిలా చేయించడమంటే ఏ సంవత్సరం కొత్తదానిలా? ముందు తలుపు అంచు దగ్గర రంగు పెచ్చు ఊడినచోట చూశాను. పైన మీగడ రంగు, దాని కింద లేత నీలం, దాని కింద బూడిదరంగు ప్రైమరు. బావ చిన్నప్పుడు ఎక్కి తిరిగింది మీగడ రంగు కారు. అది 1984లో, పెద్ద మావయ్య పెళ్ళికి వేయించింది. రేపల్లె వెళ్ళొచ్చింది నీలం కారు. అమ్మకి గుర్తున్నది నీలమే. ఏ రంగు వేసినా ఇంట్లో ఒకరి కారు ఉంటుంది, ఇంకొకరిది పోతుంది. ఆటోనగర్ వాళ్ళ పద్ధతిలో ముందు రేకు దాకా గీకేస్తారు కాబట్టి రెండూ పోతాయి.

పాత వాహనాల క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య 2013లో ఖరారు చేసిన ఒక పత్రం ఉంది, ట్యూరిన్ చార్టర్ అంటారు. భవనాల, శిల్పాల పరిరక్షణలో ఎప్పటినుంచో ఉన్న ఆలోచనే అందులోనూ ఉంది. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడ్డం ముందు, కొత్తగా చెయ్యడం ఆఖర్న. కారు బతుకులో తర్వాత జరిగిన మార్పులు కూడా దాని చరిత్రే అన్నది ఆ ధోరణి. ఫియట్ అనే పేరు చివరున్న అక్షరం టోరినోది, అదే ట్యూరిన్. మా కారు వంశం పుట్టిన ఊళ్ళోనే దాని రంగు గీకొద్దని చెప్పే పత్రం కూడా ఉందని బావకి చెప్పాను.

"రంగు వెలిసిన కారుని ఎవరికి చూపించనే?" అన్నాడు.

అది తీసిపారేసే మాట కాదు. హైదరాబాదు చౌమహల్లా పాలెస్‌లో ఆరో నిజాం ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. బాడీ కట్టింది బార్కర్ కంపెనీ, 1912 బండి, పసుపుపచ్చ రంగు, వెనక సింహాసనంలాంటి సీటు. కారు రాకముందే 1911లో ఆయన పోయాడు. ఏడో నిజాం కాలమంతా కలిపి అది తిరిగింది 356 మైళ్ళేనంటారు. దాన్ని బాగుచేయించి ధగధగలాడేలా పెట్టారు, జనం నిలబడి చూస్తున్నారు, బాగుంది. నేనూ నిలబడి చూశాను. కానీ ఆ కారు పని మొదటినుంచీ కనపడటమే. మెరుపే దాని వాడకం. ఇక్కడిది వానలో, దుమ్ములో పేషెంటింటికి వెళ్ళొచ్చిన కారు. దీని పని వేరు. దీన్ని అద్దంలా చేస్తే ఎక్కడా లేని 1973 ఒకటి తయారవుతుంది. కొత్తలో కూడా ఆ కార్లు అంత మెరిసేవి కాదు, తలుపుల మధ్య సందులు సమానంగా ఉండేవి కాదు. ఆనాటి ఫ్యాక్టరీ చేసిన దానికంటే మంచి పని ఇప్పుడు డబ్బుపోసి చేయిస్తే అది రిపేరు కాదు, ఊహ.

ఇంతలో చట్టం కూడా ఒక మాట అంటోంది. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజి వాహనాలకి ఒక పద్ధతి పెట్టింది. యాభయ్యేళ్ళు దాటి, వ్యాపారానికి వాడకుండా ఉండి, అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను గుర్తుపట్టలేనంతగా మార్చి ఉండకూడదు. మొదటిసారి నమోదుకి 20,000 రూపాయలు, పదేళ్ళకి. ఆ తర్వాత 5,000. మొదటి ఫీజూ తుక్కు ధరా ఇంచుమించు ఒకటే కావడం తమాషా. ఇదివరకే రిజిస్టరైన బండైతే పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. కానీ ఒక పెద్ద షరతు ఉంది, దాన్ని రోజువారీ వాడకానికి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పరిశోధనకి, పెట్రోలుకి, రిపేరుకి అంతే. 1973 కారు 2023లోనే యాభై దాటింది. ఆర్‌సీ పుస్తకం అమ్మమ్మ బీరువాలో చీరల కింద దొరికింది. చివరి రెన్యువలు 1999 దాకా. అది అయిపోయిన నెలలోనే తాతయ్య కారు ఆపేశాడన్నది ఆ స్టాంపు చూశాకే మాకు తెలిసింది. కళ్ళు కనపడక ఆపేశాడని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాం.

ఇంకో చిన్న విషయం. దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్నది 2000 ఫిబ్రవరి నుంచి. అంటే ఈ కారు నిద్రపోయేసరికి బంకుల్లో పాత రకం పెట్రోలే. ఇప్పుడు లేస్తే ఇరవై శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు. ఇథనాలు నీటిని లాక్కుంటుంది, పాత రకం రబ్బరుని తింటుంది. అందుకే పెద్దాయన లెక్కలో గొట్టాలు, సీళ్ళు అన్నీ కొత్తవి, ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచొద్దన్న హెచ్చరిక ఒకటి. వాల్వు సీట్ల సంగతి హెడ్డు విప్పాక చూద్దామన్నాడు. లక్షా ఎనభై అక్కడ రెండు కావచ్చు. ఇది ఇంట్లో అందరికీ ముందే చెప్పాను.

బొంబాయిలో పద్మిని ట్యాక్సీల్లో చివరిదానికి 2023 అక్టోబరులో ఇరవయ్యేళ్ళ గడువు తీరింది. ఆ రోజు పేపర్లలో ఫొటోలు వచ్చాయి, అందరూ బాధపడ్డారు, నేనూ పడ్డాను. అన్నిటినీ ఉంచుకోలేం. ఉంచుకోవాలని కూడా నేననను. షెడ్డులో ఉన్న ప్రతి పాత కారూ చరిత్ర కాదు. నోటుబుక్కు లేకపోతే, ఎడమ పక్కతోపాటు కుడి పక్క కూడా పుచ్చిపోయుంటే, నేనే కాటావాడికి ఫోన్ చేసేదాన్ని. ఈ కారు దగ్గర రెండు ఉన్నాయి, నిలబడగల నడుమూ, తేదీలతో సహా తన బతుకు చెప్పే పుస్తకమూ. ఆ రెంటికీ కలిపి లక్షా ఎనభై పెట్టొచ్చని నా తీర్పు. ఆరున్నర లక్షలు పెడితే ఆ పుస్తకంలో రాసింది ఏ కారు గురించో చెప్పడానికి కారు మిగలదు.

బావ ఒప్పుకున్నాడు, సగం మనసుతో. డబ్బు తనదే కాబట్టి మీగడ రంగు గీకకుండా పాలిష్ అయినా పట్టించమన్నాడు. పట్టిస్తాం. పెచ్చు ఊడినచోట నీలం కనపడుతూనే ఉంటుంది.

మావయ్యకి నా లెక్క రాసి ఇచ్చాను, రెండు పేజీలు. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నడపడానికి లేదు, అమ్మడానికి లేదు, మరి పెట్టేదెక్కడ?" అన్నాడు. నిజానికి అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే. గుంటూరు నడిబొడ్డున ఒక కారు నిలబడే చోటు ఎంత పలుకుతుందో ఆయనకి తెలిసినంత నాకు తెలీదు. వారం తర్వాత బిల్డరు పంపిన అగ్రిమెంటు చిత్తుప్రతిలో మావయ్య వాటాకి ఒక కవర్డ్ పార్కింగు అదనంగా ఉంది. ఎప్పుడు అడిగాడో, దానికి బదులు ఏం వదులుకున్నాడో చెప్పలేదు.

ఎడమ పక్క రేకు కోసేముందు తలుపులు మూసి లోపల అడ్డంగా ఇనప కడ్డీ వెల్డు చెయ్యాలట, లేకపోతే బాడీ వంగి మళ్ళీ తలుపులు పడవట. ఆ పనికి పెద్దాయన డిసెంబరులో మంచి రోజు చూసుకుని వస్తానన్నాడు. ఇటికలు మాత్రం అప్పటిదాకా తియ్యొద్దన్నాడు.